పొద్దున ఇంజన్ ఆలస్యంగా అందుకుంటే ముందుగా బ్యాటరీ మార్చడం సమంజసమేనా?

ప్రశ్న అడిగిన సభ్యుడు:
నా పెట్రోల్ కారుకు 7 ఏళ్లు, బ్యాటరీకి 3 ఏళ్లు. రాత్రంతా నిలిపి ఉంచాక సెల్ఫ్ కొడితే ఆరేడు సెకన్లకు గానీ ఇంజన్ అందుకోవడం లేదు. మెకానిక్ బ్యాటరీ మార్చమంటున్నారు, మా బావగారు ట్యాంకులోంచి ఇంజన్‌కు పెట్రోల్ తోసే పంపు పోయిందంటున్నారు. ఎవరి మాట వినాలి?

మొదటి సభ్యుడు:
బ్యాటరీ మార్చండి. మన ఎండలకు మూడు నాలుగేళ్లకు మించి మన్నే బ్యాటరీలు తక్కువ. ఎలాగూ త్వరలో పెట్టవలసిన ఖర్చే కనుక, దారిలో ఆగిపోయి తోయించుకునే అవస్థ కన్నా అదే నయం.

రెండవ సభ్యుడు:
ఈ సలహాతో నేను ఏకీభవించలేను. సెల్ఫ్ నీరసంగా, మూలుగుతూ తిరుగుతోందా, లేక చురుకుగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోవడం లేదా అన్నది తేలనిదే ఏ భాగాన్నీ నిందించకూడదు. ఆ రెండూ వేర్వేరు రోగాలు.

నీరసంగా తిరిగితే వోల్టేజీ కొలిచే మల్టీమీటరును బ్యాటరీ టెర్మినళ్లపై పెట్టి, మరొకరి చేత సెల్ఫ్ కొట్టించి చూడాలి. ఆ క్షణంలో వోల్టేజీ 9.6 కన్నా దిగిపోతే బ్యాటరీనో, అతిగా కరెంటు లాగుతున్న సెల్ఫ్ మోటారునో అనుమానించవచ్చు. సెల్ఫ్ ఈడుస్తున్నా వోల్టేజీ 11 దగ్గరే నిలిచిందంటే మాత్రం బ్యాటరీ నిర్దోషి, కరెంటు దారిలో ఎక్కడో చిక్కుకుంటోంది. నేను కొత్త బ్యాటరీ వేయించుకున్న రెండో వారానికే పాత మూలుగు మళ్లీ మొదలైంది. బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య, సెల్ఫ్ తిరుగుతుండగా, 0.2 వోల్టుల లోపు ఉండవలసింది 0.9 చూపించింది. గేరుబాక్సు మీద, బ్యాటరీ మైనస్‌ను ఇంజన్‌కు కలిపే ఎర్త్ వైరు బోల్టు విప్పితే కింద తుప్పు పొర కనిపించింది; ఉప్పు కాగితంతో రుద్ది బిగించాక ఆ మూలుగు మళ్లీ వినలేదు.

చురుకుగా తిరిగితే పరీక్ష ఇంకా సులభం. తాళాన్ని ఆన్‌లో మూడు సెకన్లు ఉంచి ఆపండి; ఆన్ చేసిన ప్రతిసారీ పంపు కాసేపు తిరిగి లైనులో ఒత్తిడి నింపుతుంది. అలా రెండు మూడు సార్లు చేశాక సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే, రాత్రిపూట పెట్రోల్ లైనులో ఒత్తిడి దిగిపోతోందన్న మాట.

మొదటి సభ్యుడు:
ఒక్క హెచ్చరిక. ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 చూపించినంత మాత్రాన మంచిదనుకోకండి. లోపల ప్లేట్లు పాడైన బ్యాటరీ కూడా లోడు పడేదాకా అంతే చూపిస్తుంది.

రెండవ సభ్యుడు:
నిజమే. సెల్ఫ్ కొడుతుండగానే కొలవమన్నది అందుకే.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
ఈ ఉదయం చూశాను. సెల్ఫ్ చురుకుగానే తిరుగుతోంది. తాళాన్ని మూడు సార్లు ఆన్ చేసి ఆపాక కొడితే ఒక్క సెకనులో అందుకుంది. ఇక పంపు మార్పించేదా?

రెండవ సభ్యుడు:
ఆగండి, బావగారి మాట ఇంకా సగమే రుజువైంది. ఒత్తిడి, పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపవలసిన పంపులోని చెక్ వాల్వు గుండా ట్యాంకులోకి దిగిపోతుండవచ్చు, ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టరు కారుతుంటే దాని గుండా సిలిండరులోకీ పోతుండవచ్చు. స్టార్టయిన మొదటి క్షణాల్లో సైలెన్సరు నుంచి నల్లపొగ, పచ్చి పెట్రోల్ వాసన వస్తే ఇంజెక్టర్ల మీదే అనుమానం. అవి లేకపోతే లైనుకు ఒత్తిడి కొలిచే గేజి పెట్టించి, ఇంజన్ ఆపాక గేజికీ పంపుకూ మధ్య దారి మూయించండి. అప్పుడు ముల్లు దిగకుండా నిలబడితే ఒత్తిడి పోతున్నది పంపు వైపే అన్న మాట; అలాగైతేనే పంపుకు డబ్బు ఖర్చుపెట్టండి.