మొదటి వారం తప్పు మెయిల్ పెట్టా, ఇప్పుడు నిజంగానే ఏదో కనిపిస్తోంది. చెప్పాలా?

జగిత్యాల_ఎంబీఏ:
అన్నలూ, అక్కలూ, నాది ఎంబీఏ ఫైనాన్స్, మొదటి ఏడాది అయిపోయింది. బెంగళూరులో ఉన్న ఒక పేమెంట్ల కంపెనీలో ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్, ఇంటి నుంచే. ముందు గదిలో బాపు కిరాణం, వెనక గదిలో బియ్యం బస్తాల పక్కన నా ల్యాప్‌టాప్. మీటింగ్‌లో మైకు ఆన్ చేస్తే చాలు, దుకాణంలోని క్యూఆర్ డబ్బా "ఇరవై రూపాయలు వచ్చాయి" అని టీమంతటికీ చాటింపు వేస్తుంది. అందుకే మ్యూట్‌లోనే బతుకుతున్నా.

పని రీకాన్. మా సిస్టమ్‌లో నమోదైన చెల్లింపుల్ని, బ్యాంకు పంపే ఫైలుని పక్కపక్కన పెట్టి కలవనివి ఏరాలి. మొదటి శుక్రవారం బ్యాంకు సీఎస్‌వీ ఫైలు డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచా, అలాగే సేవ్ కొట్టా. రెండు ఫైళ్లనీ పోల్చే వీలుకప్ ఫార్ములా పెడితే 214 చెల్లింపులు దొరకలేదు. చేతులు చల్లబడిపోయాయి. పదిహేను మందికి "బ్యాంకులో 214 లేవు, అర్జెంట్" అని మెయిల్ పెట్టా. పావుగంటకి మేనేజర్ సార్ దగ్గర్నుంచి ఒకటే ముక్క: "ఆర్‌ఆర్‌ఎన్ కాలమ్ చూడు." ఆర్‌ఆర్‌ఎన్ అంటే ప్రతి చెల్లింపుకీ ఉండే రిఫరెన్స్ నంబరు. చూస్తే ఆ పన్నెండంకెల నంబర్లన్నీ ఎక్సెల్ కుదించేసి 5.14ఈ+11 అని ఒకే మూసలో పోసినట్టు ఉన్నాయి.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆఫీసులో అయితే టీ దగ్గర ఎవరో ఒకరు ఆటపట్టించి వదిలేసేవాళ్లు. ఇక్కడ చాట్‌లో పేర్ల పక్కన ఆకుపచ్చ చుక్కలు తప్ప ఇంకేం కనపడదు.

ఇప్పుడు ఐదో వారం. రీఫండ్ల షీటులో 37 ఆర్డర్లకి డబ్బు రెండుసార్లు వెనక్కి వెళ్లినట్టుంది. అదే ఆర్డర్ నంబరు, అదే మొత్తం, రెండు వరుసలు. ఈసారి కాలమ్ టెక్స్ట్‌లోనే ఉంది, అంటే ఎక్సెల్ అంకెల్ని మార్చలేదు, మూడుసార్లు చూసుకున్నా. చెబితే మళ్లీ "నాన్నా పులి" కథ అవుతుందేమోనని భయం.

తెనాలి_92:
అమ్మాయ్, ఆ తప్పు చెయ్యకుండా రీకాన్‌లో ఎదిగినవాళ్లని నేను చూళ్లేదు. యూపీఐ ఆర్‌ఆర్‌ఎన్‌లో మామూలుగా మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, ఆ తర్వాత మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో. నీ 5.14లో 5 అంటే 2025, 14 అంటే నూట నలభయ్యో రోజు చుట్టుపక్కల, చూస్తేనే మే నెల ఫైలని తెలిసిపోతోంది! 2020లో అయితే అన్నీ సున్నాతో మొదలయ్యేవి, ఎక్సెల్ ఆ సున్నాని మింగేసేది. ఆ ఏడాది నేను పడ్డ తిప్పలు చెప్తే రాత్రి తెల్లారిపోద్ది. సీఎస్‌వీని ఎప్పుడూ డబుల్ క్లిక్ చెయ్యకు. ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలోంచి లోపలికి తెచ్చుకుని, ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పు. కార్డు రీఫండ్లకి వచ్చే ఏఆర్‌ఎన్ అనే రిఫరెన్స్ నంబరు 23 అంకెలు, అది ఇంకా ప్రమాదం. పదిహేను అంకెలు దాటితే ఎక్సెల్ మిగతావన్నీ సున్నాలు చేసేస్తుంది.

ఇక 37 సంగతి. ఆర్డర్ నంబరు పట్టుకుని వెళ్తే అన్నీ డబుల్‌గానే కనిపిస్తాయి. ఒకావిడ రెండు కుర్తీలు కొంది, ఒక్కోటి 590, మొత్తం 1,180. సోమవారం ఒకటి వాపసు, గురువారం రెండోది. నీ షీటులో ఒకే ఆర్డర్ మీద 590 రెండుసార్లు. తప్పేముంది అందులో? కాబట్టి ఒక్కో ఆర్డర్‌కి రీఫండ్లన్నీ కూడి, కట్టిన మొత్తం పక్కన పెట్టు. కట్టినదానికంటే ఎక్కువ వెనక్కి వెళ్లినవే అనుమానించాల్సినవి. వాటిలో రెండు వరుసల ఆర్‌ఆర్‌ఎన్ ఒకటే అయితే డబ్బు ఒక్కసారే వెళ్లింది, మన రికార్డు రెండుసార్లు ఎక్కింది. వేర్వేరు అయితే మాత్రం డబ్బు నిజంగానే రెండుసార్లు వెళ్లినట్టు. బ్యాంకు ఫైలులో కూడా ఆ రెండూ ఉన్నాయో లేదో చూసుకో. మొత్తం తేల్చుకుని అప్పుడు చెప్పు.

సీఏ_ఇంటర్_మూడోసారి:
తెనాలి గారి పద్ధతి బాగుంది, చివరి మాట మాత్రం ఒప్పుకోను. మొత్తం తేలేదాకా ఆగితే వారం పడుతుంది. కస్టమర్ ఖాతాలో పడిన రీఫండ్‌ని మనం లాక్కోలేం, ఆయన తిరిగి ఇస్తేనే వస్తుంది. ఈలోపు దుకాణం వాడికి కంపెనీ జమచేసే సొమ్ములో, అదే సెటిల్‌మెంట్లో, అది కోతపడుతుంది. ఈరోజే చెప్పెయ్. కాకపోతే పదిహేను మందికి కాదు, మేనేజర్ ఒక్కరికి. 37 అనొద్దు. బాగా అనుమానంగా ఉన్న ఒక్క ఆర్డర్ తీసుకుని, ఎంత కట్టారు, ఎంత వెనక్కి వెళ్లింది, రెండు ఆర్‌ఆర్‌ఎన్‌లు ఏంటి, నాలుగు లైన్లు రాసి "నేనేమన్నా పొరబడ్డానా సార్?" అని అడుగు. ఆయనకి అది రెండు నిమిషాల పని.

పేరు_లేదు_500081:
ఎంత గొడవైనా సరే, ఆ షీటు ఫొటో తీసి ఇక్కడ పెట్టొద్దు చెల్లీ. ఫ్రెండ్‌కి వాట్సాప్ కూడా చెయ్యొద్దు. నువ్వు సంతకం పెట్టిన కాగితంలో బయటపెట్టొద్దని ఉండే ఉంటుంది. కాలేజీ రిపోర్టులో కూడా అసలు నంబర్లు వద్దు, కుర్తీల ఉదాహరణ లాంటివి కల్పించి రాసుకో.

జగిత్యాల_ఎంబీఏ:
సీఏ గారూ, మీ మాటే విన్నా (మూడోసారి తప్పకుండా పాసవుతారు). తెనాలి గారి లెక్క ప్రకారం కూడితే 33 పడిపోయాయి. అన్నీ విడివిడిగా వాపసు చేసినవే. మిగిలిన నాలుగింటిలో మూడింటికి ఆర్‌ఆర్‌ఎన్ ఒకటే. ఒక్కదానికి మాత్రం వేర్వేరు నంబర్లు, బ్యాంకు ఫైలులో రెండూ ఉన్నాయి. ఆ ఒక్కటే పంపా. సెండ్ నొక్కి, భయంతో ల్యాప్‌టాప్ మూసేసి దుకాణంలోకి పోయి చక్కెర పొట్లాలు కట్టా.

సార్ చాట్‌లో రాయలేదు, ఫోన్ చేశారు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆయన గొంతు విన్నా. మొదటిసారి పంపినప్పుడు జవాబు రాక సిస్టమ్ రెండోసారి పంపిందట. ఇలాంటివి పాత నెలల్లో ఇంకేమైనా ఉన్నాయేమో చూడమని ఏప్రిల్ ఫైళ్లు కూడా ఇచ్చారు. మధ్యలో మన డబ్బా "నలభై రూపాయలు వచ్చాయి" అంది. ఆయన నవ్వి, "అది సెటిల్ అయిందా?" అన్నారు.

రెండుసార్లు వెళ్లింది 649 రూపాయలు. రాత్రి అన్నం తింటూ బాపుకి చెప్పా. "ఆరొందల నలభై తొమ్మిదికి ఐదు వారాలు కూసున్నవా బిడ్డా?" అన్నాడు.