ఫెయిర్ ఐల్ స్వెటర్: స్లీవ్ దగ్గరే ముడుచుకుపోతోంది, ఏం చేయాలి?

షెట్లాండ్ (స్కాట్లాండ్ దీవుల) పద్ధతిలో ఫెయిర్ ఐల్ స్వెటర్, అంటే రంగురంగుల డిజైన్ల ఊలు స్వెటర్, అల్లుతున్నాను. వరసకి రెండే రంగులు. నేల రంగు ఊలు కుడిచేతిలో ఇంగ్లిష్ పద్ధతిలో, డిజైన్ రంగు ఎడమచేతిలో కాంటినెంటల్ పద్ధతిలో. ఎడమ దారం కిందనుంచి వస్తుంది కాబట్టి డిజైన్ తేటగానే కనిపిస్తోంది, దాంతో పేచీ లేదు.

3.25 మి.మీ. సూదులతో ఒంటి భాగంలో 10 సెం.మీ.కి 28 కుట్లు పడ్డాయి. అవే సూదులతో స్లీవ్‌లో 31. వెనక దారం (ఆ కుట్లలో వాడని రంగు, లోపలివైపు సాగే దారం) 5 కుట్లు దాటిన చోటల్లా, మరీ ముఖ్యంగా ఒక సూది అయి ఇంకో సూది మొదలయ్యే మూలల్లో, బిగుసుకుంటోంది. కుట్లని కుడి సూది మీద పరిచాకే రంగు మారుస్తున్నాను. తడిపి ఆరబెట్టినా లాభం లేదు. దారమే పొట్టిదైతే నీళ్లేం చేస్తాయి!

స్లీవ్‌కి 3.5 సూదులకి మారాలా? లోపలివైపు బయటికి తిప్పి అల్లితే మూలల్లో దారం సరిపోతుందా? వెనక దారాన్ని మధ్యలో అల్లే దారంతో మెలేస్తే ముదురు రంగు ముందుకి తొంగిచూస్తోంది, అది మాత్రం వద్దు.