యూరోపియన్ యూనియన్‌లో చేరిన దేశాల కార్మికులు: తలుపు ఎప్పుడు తీయాలి?

లెక్కలమాస్టారు:
మోల్డోవా, ఉక్రెయిన్ లాంటి దేశాలు యూరోపియన్ యూనియన్ గుమ్మంలో నిలబడి ఉన్నాయి. చేరిన రోజునుంచే వాళ్ళ కార్మికులకు ఎక్కడైనా పనిచేసుకునే హక్కు ఇవ్వాలంటాను. 2004 మే 1న పది దేశాలు చేరినప్పుడు బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ తలుపులు తెరిచాయి. జర్మనీ, ఆస్ట్రియా ఏడేళ్ళు గడియ వేసుకుని కూర్చున్నాయి. భోజనానికి పిలిచి విస్తరి వేయకపోవడం కాదా ఇది?

పాతగడియారం:
ఒక్కసారిగా ఏడేళ్ళు కాదండీ. రెండేళ్ళు, మూడేళ్ళు, రెండేళ్ళు, ఇలా మూడు విడతలు. చివరి రెండేళ్ళు కావాలంటే తమ కార్మికులకు తీవ్రమైన ఇబ్బంది ఉందని చెప్పాలి. ముందు అది సరిదిద్దండి.

లెక్కలమాస్టారు:
కూడితే ఏడే కదా!

గాలిమర:
రెండు మూడు దేశాల్లో పనిచేసినవాడికి పింఛను ఎవరిస్తారు?

లెక్కలమాస్టారు:
దానికి యూనియన్‌దే 883/2004 అనే నిబంధన ఉంది. పోలండ్‌లో పదేళ్ళు, జర్మనీలో ఇరవై ఏళ్ళు చేస్తే అర్హతకు ముప్పై ఏళ్ళూ కలుపుతారు. డబ్బు మాత్రం ఎవరి వాటా వాళ్ళిస్తారు. దేశాల పథకాలన్నీ ఒకటైపోవు, ఒకదానితో ఒకటి లెక్క చూసుకుంటాయి, అంతే.

పాతగడియారం:
లెక్క చూసుకుంటాయట! నేను పోలండ్‌లో పద్నాలుగు నెలలు చేసి జర్మనీ వచ్చాను. యూనియన్ పౌరుణ్ణి కాకపోయినా నిబంధన నాకూ వర్తిస్తుంది. ఆ నెలలు కలపమంటే, ఒక చీటీలో నా ఇంటిపేరు ముందు, ఇంకో చీటీలో వెనక ఉందని ఫైలు తిప్పి పంపారు. ఇద్దరు మనుషులట. మూడేళ్ళుగా నేనొక్కణ్ణేనని రుజువు చేసుకుంటున్నాను.

గాలిమర:
అది గుమస్తా తప్పు, చట్టం తప్పు కాదు.

తాపీపని:
కార్మికుణ్ణి సొంత దేశపు కంపెనీయే వేరే దేశంలో పనికి పంపితే, 24 నెలల దాకా చందా, అంటే పింఛను లాంటివాటికి జీతంలో కోసే డబ్బు, సొంత దేశానికే వెళుతుంది. ఆ సంగతి ఎవరూ ఎత్తరేం?

లెక్కలమాస్టారు:
గడియారం గారూ, మీ ఫైలుకూ ఏడేళ్ళ గడువుకూ సంబంధమేమిటి?

పాతగడియారం:
లాత్వియా జనాభా 2000లో దాదాపు 23.8 లక్షలు, 2011 నాటికి 20.7 లక్షలు. పుట్టినవాళ్ళు తగ్గడం ఒక కారణం, వలస ఇంకో కారణం. వెళ్ళినవాడి చందా వెళ్ళినచోటే పడుతుంది. మిగిలిన ముసలివాళ్ళ పింఛనుకు కట్టేదెవరు?

లెక్కలమాస్టారు:
జర్మనీ గడియ వేసింది లాత్వియా మీద జాలితోనా? తన కూలీరేట్లు పడిపోతాయని! మీరు మొదటినుంచీ గడువు గురించి మాట్లాడటం లేదు. వెళ్ళినవాళ్ళ మీద కోపం తీర్చుకుంటున్నారు. మీరు మాత్రం వెళ్ళలేదా?

పాతగడియారం:
వెళ్ళాను. అందుకే అంటున్నాను. నా పక్క బల్ల దగ్గర పనిచేసే లాత్వియా ఆవిడ రోజూ మధ్యాహ్నం ఫోను నిలబెట్టి, అక్కడున్న తల్లిచేత మందుబిళ్ళలు లెక్కపెట్టిస్తుంది. తెల్లది ఒకటి, పసుపుపచ్చది సగం. పెద్దావిడ సగం విరిచి కెమెరాకు చూపించాలి. ఈవిడ జీతంలో కోసే చందాలో ఒక్క సెంటు కూడా ఆ తల్లి పింఛనుకు చేరదు.

లెక్కలమాస్టారు:
అయితే ఆవిణ్ణి ఆపాలంటారా?

పాతగడియారం:
ఆవిణ్ణి కాదు. తలుపు మొదటిరోజే తీయండి, నాకు అభ్యంతరం లేదు. ఆ చందాలో కొంత ఆవిణ్ణి పెంచి చదివించిన దేశానికి పంపమంటున్నాను.

లెక్కలమాస్టారు:
అప్పుడు రేపు ఆవిడ పింఛను తగ్గితే ఎవరు పూడుస్తారు? చందా కట్టినవాడిది, దేశానిది కాదు. ఇక్కడ నేను ఒప్పుకోను.

గాలిమర:
ఇంతకీ మీ పద్నాలుగు నెలలు కలిశాయా?

పాతగడియారం:
నిన్న కొత్త ఉత్తరం వచ్చింది. ఈసారి పుట్టినతేదీ అడిగారు.