సమస్యాపూరణం: ప్రాణమును గాచు దారమే ప్రాణహరము

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం:

*ప్రాణమును గాచు దారమే ప్రాణహరము*

విషయం కూడా నేనే ఇస్తున్నాను. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ కామిక్ పుస్తకం 121వ సంచిక, 1973 జూన్. కథ గెర్రీ కాన్వే, బొమ్మలు గిల్ కేన్, సిరా గీతలు జాన్ రొమిటా. విలన్ గ్రీన్ గాబ్లిన్, స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీని వంతెన మీది నుంచి తోస్తాడు, స్పైడర్‌మ్యాన్ సాలెదారం విసిరి ఆమె కాళ్ళు అందుకుంటాడు, పైకి లాగుతూ తన శక్తిని తనే మెచ్చుకుంటాడు, తీరా చూస్తే ఆమెలో ప్రాణం లేదు. ఆ సంచిక చేతికొచ్చి చాలా ఏళ్ళయినా ఆ పేజీ దగ్గర ఇప్పటికీ ఆగిపోతాను. మామూలుగా సమస్యలో అసంబద్ధంగా కనిపించేదాన్ని మనం తంటాలు పడి సమర్థిస్తాం కదా, ఇక్కడ కథే సమర్థించి పెట్టింది. కాబట్టి మీ పని కథ చెప్పడం మాత్రమే కాదు, ఆ బాధ పద్యంలోకి రావాలి.

పద్యప్రియ:

వంతెన పయినుండి పడెడు పడతిఁ జూచి
సాలెదారము విసరె నా సాలెమనిషి
మెడకుఁ గలిగిన కుదుపుతో మృతినిఁ బొందె
ప్రాణమును గాచు దారమే ప్రాణహరము

నిర్వాహకుడు:
పద్యప్రియ గారూ, "సాలెమనిషి" చాలా బాగుంది, అలవాటైన పేరులాగే పలికింది. మె–మృ యతి చెల్లుతుంది. కానీ మూడో పాదంలో కర్త జారిపోయాడు. రెండో పాదంలో విసిరినవాడు సాలెమనిషి, వెంటనే "మృతిని బొందె" అంటే చనిపోయింది అతనే అనిపిస్తుంది. ఇలా మార్చి చూడండి:

*మెడకుఁ దగిలిన కుదుపుతో మెలఁత దెగెను*

తెగు అంటే చనిపోవడం అనే అర్థం పాత కావ్యాల్లో ఉంది. తెగవలసింది దారం, కానీ దారం నిలిచింది, ఆమె తెగింది.

పద్యప్రియ:
ధన్యవాదాలు గురువుగారూ. ఆ ఒక్క మాటతో పద్యం నాది కానంత బాగుపడింది.

లెక్కల మాస్టారు:
నాకు ఈ కథలో మొదటి నుంచీ మనసుకు పట్టింది వేగం లెక్క. సుమారు 90 మీటర్లు పడితే, గాలి నిరోధం పక్కన పెడితే, సెకనుకు 42 మీటర్ల వేగం వస్తుంది. దాన్ని అర సెకనులో ఆపినా భూమ్యాకర్షణకు ఎనిమిదిన్నర రెట్ల త్వరణం పడుతుంది, సెకనులో పదోవంతులో ఆపితే 40 రెట్లు దాటుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే జేమ్స్ కకాలియోస్ ఈ సన్నివేశాన్నే తీసుకుని విద్యార్థులకు ప్రచోదనం (ఇంపల్స్) పాఠం చెప్పారు. నా పూరణ:

దిగెడు వేగము నొకమాఱు దిగువ నాప
ఎముక తట్టుకోఁగలదె యా యెదురు దెబ్బ
సాగి మెల్లగ నాపని సన్నమైన
ప్రాణమును గాచు దారమే ప్రాణహరము

నిర్వాహకుడు:
మాస్టారూ, శాస్త్రం పద్యంలో ఇంత తేలిగ్గా ఇమడడం అరుదు. "ఎముక తట్టుకోఁగలదె" అన్నచోట చదివేవాడి మెడ కూడా బిగుస్తుంది. మూడో పాదంలో మాత్రం అన్వయం కుదరలేదు. "సన్నమైన" అన్నది దారానికని మీ ఉద్దేశం, పక్కనున్న "ప్రాణమును" ముందు అంటుకుంటోంది. "సాగి మెల్లగ నాపక సడలకున్న" అంటే సరిపోతుంది, షరతు కూడా స్పష్టమవుతుంది.

లెక్కల మాస్టారు:
నిజమే, మార్చుకుంటున్నాను. "సడలకున్న" నేను చెప్పాలనుకున్న అసలు మాట.

వేసవిగాలి:
నేను పీటర్ గొంతుతో రాశాను, స్పైడర్‌మ్యాన్ అసలు పేరు అదే కదా. ఆ సాలెరసాయనం అతను సొంతంగా తయారు చేసుకున్నది, ఎవరో ఇచ్చిన వరం కాదు. అందుకే అపరాధం అంత లోతుగా దిగుతుందని నాకనిపిస్తుంది.

నేనె కాచితి ననుకొంటి నిన్నుఁ జెలియ
కనులు తెఱువవే యని పిల్వఁ గదల వేమి
నాదు నేర్పు నన్నే ముంచె నకట నేడు
ప్రాణమును గాచు దారమే ప్రాణహరము

నిర్వాహకుడు:
అక్కయ్యా, దీనికి నేను దిద్దేది ఏమీ లేదు. మొదటి పాదంలోని గర్వం మూడో పాదానికల్లా కూలిపోయింది, సంచికలోనూ సరిగ్గా ఇదే క్రమం. "నాదు నేర్పు" అన్న రెండు మాటల్లో అతని కథంతా ఉంది.

పాతసంచికలు:
అందరూ దారం మీదే నేరం మోపుతున్నారు, నేను ఒప్పుకోలేను. తోసినవాడు గాబ్లిన్. అంత ఎత్తు నుంచి పడితే నేల తాకకముందే ఎవరైనా చస్తారని వాడే ఆ పేజీలో అంటాడు కదా. అందుకే ఖండిస్తూ రాశాను:

పడఁగఁ దోసిన గాబ్లిను పాపి కాఁడె
ఆదుకొన నెంచు వానిదా యంత తప్పు
ఎవ్వరనినారొ యీ మాట యెంచి చూడ
ప్రాణమును గాచు దారమే ప్రాణహరము

నిర్వాహకుడు:
సమస్యను ఇంకొకరి మాటగా చేసి తోసిపుచ్చడం పాత పద్ధతే, గణాలూ యతులూ నిర్దోషం. అయితే మీరు అడిగిన "ఎవ్వరనినారొ" అన్న ప్రశ్నకు జవాబు ఉంది. 125వ సంచిక ఉత్తరాల పేజీలో ప్రచురించినవాళ్ళే చెప్పారు, దారం ఒక్కసారిగా ఆపినప్పుడు మెడకు తగిలిన కుదుపే ఆమెను చంపిందని. గాబ్లిన్ మాటను నేను నమ్మను. పడటం వల్లే మనిషి గాలిలో చచ్చిపోతే విమానాల్లోంచి దూకేవాళ్ళు ఎలా బతుకుతున్నారు?

పాతసంచికలు:
ఆ ఉత్తరం సంగతి ఒప్పుకుంటాను. కానీ కారణం వేరు, పాపం వేరు అన్నయ్యా. మెడ విరగడానికి కారణం దారం కావచ్చు, పాపం మాత్రం తోసినవాడిదే. తరవాతి సంచికలో గాబ్లిన్ తను ఎక్కి ఎగిరే గ్లైడర్ తనకే గుచ్చుకుని పోతాడు, అప్పుడు కూడా పీటర్‌కి ఊరట దొరకదు, అది చదివాక నా మనసు అతని వైపే ఉండిపోయింది.

నిర్వాహకుడు:
కారణం వేరు, పాపం వేరు. ఇది బాగుంది, ఈ మాట మీద ఇంకో పద్యం రాయండి, ఎదురుచూస్తాను.

కొత్తకలం:
అందరికీ నమస్కారం, నేను పద్యం రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే చెప్పండి. నాకు ఈ సంచిక పదేళ్ళప్పుడు హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. ఆమె చావును చెప్పే కథ పేరు చివరి పేజీలో గానీ కనిపించదు కాబట్టి ఆమె చనిపోతుందని నాకు తెలియదు, అట్ట మీద అంతమంది ముఖాలుంటే వాళ్ళలో ఎవరో అని టెన్షన్ పడుతూ చదివాను. దారం అందుకున్న బొమ్మలో మెడ పక్కన "స్నాప్" అని ఎంత చిన్నగా రాశారంటే, మొదటిసారి నా కంట పడనే లేదు.

చదివి పదేళ్ళ వయసులో చాల ఏడ్చి
చిన్ని శబ్దము మెడకడఁ జేర్చినారు
అదియె చాలును దెలియంగ నసలు నిజము
ప్రాణమును గాచు దారమే ప్రాణహరము

నిర్వాహకుడు:
తమ్ముడూ, స్వాగతం. రెండో పాదం ఇవాళ వచ్చిన అన్ని పూరణల్లోనూ నాకు ఎక్కువ నచ్చింది. ఆ చిన్న శబ్దాన్ని ఇంకెవరూ పట్టుకోలేదు, ఆ సంచిక అంతా దాని మీదే నిలబడి ఉంది. అది లేకపోతే గాబ్లిన్ మాటే చెల్లిపోయేది. మొదటి పాదంలో "పదేళ్ళ" జగణం, అక్కడ ఇంద్రగణం రావాలి. "చాల ఏడ్చి" మధ్యలో సంధి వదిలేశావు. పైగా "ఏడ్చి" అన్నాక ఆ క్రియ ఎక్కడా ముగియలేదు. నువ్వే మార్చు, నేను చెప్పను.

కొత్తకలం:
ఇప్పుడు చూడండి గురువుగారూ, గంటసేపు వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాను.

పదవ యేఁట నే చదువుచు బాధపడితి
చిన్ని శబ్దము మెడకడఁ జేర్చినారు
అదియె చాలును దెలియంగ నసలు నిజము
ప్రాణమును గాచు దారమే ప్రాణహరము

నిర్వాహకుడు:
సరిపోయింది.