దాళ్వా కోతల నుంచి తగ్గని దగ్గు: మీ అనుభవాలు చెప్పండి

ముమ్మిడివరం రైతుబిడ్డ
నమస్కారమండి. నాన్నగారికి 61 ఏళ్ళు, షుగర్ ఉంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక మొదలైన దగ్గు ఐదు వారాలైనా తగ్గలేదు. ఊళ్ళో ఆర్ఎంపీ గారు రెండుసార్లు ఇంజెక్షన్ చేశారు. చేసిన రెండు రోజులు హాయిగా ఉంటున్నారు, మూడో రోజుకి మళ్ళీ మామూలే. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోంది, మెట్లెక్కితే ఆయాసం. ఇంట్లో అందరూ కోతల దుమ్మే అంటున్నారు. షుగర్ 310కి వెళ్ళేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. నేరుగా కాకినాడ తీసుకెళ్ళాలా, పీహెచ్‌సీలో చూపిస్తే సరిపోతుందా?

పాలకొల్లు ఆశా కార్యకర్త
తమ్ముడూ, ముందు కఫం పరీక్ష చేయించు. దగ్గు రెండు వారాలు దాటితే ఎవరికైనా మేం మొదట చేయించేది అదే. డబ్బు కట్టక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ళకి టీబీ వచ్చే అవకాశం ఎక్కువ కూడాను.

మా మావయ్యగారి విషయంలో మేం మూడు నెలలు పోగొట్టుకున్నాం. ఒక క్లినిక్‌లో ఐదు రోజులు లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. దగ్గు సగం తగ్గింది, జబ్బు పోయిందనుకున్నాం. ఆ మందు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుందట, అందుకే జబ్బు కొన్నాళ్ళు బయటపడదని తర్వాత తెలిసింది. ఆరు నెలలు టీబీ మందులు మానకుండా వాడారు. ఇప్పుడు చేలోకి వెళ్తున్నారు. టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పథకం కింద నెలకి 1000 రూపాయల చొప్పున బ్యాంకులో పడ్డాయి. 2024 నవంబరుకి ముందు ఇది 500 ఉండేది.

ఇంకో మాట. కఫం ఇచ్చేది పొద్దున్నే అయితే మంచిది. నోరు నీళ్ళతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు నిండా గాలి పీల్చి, గుండెల్లోంచి దగ్గి డబ్బాలో ఉమ్మాలి. ఉత్త ఉమ్మి ఇస్తే పరీక్ష సరిగ్గా రాదు. మా దగ్గర చాలామంది అక్కడే తప్పుతున్నారు.

రావులపాలెం మిల్లు గుమస్తా
నాది ఉబ్బసం. రైస్ మిల్లులో తవుడు, ఊక దుమ్ము మధ్య పద్నాలుగేళ్ళుగా పని. రాత్రి మూడింటికి పిల్లికూతలతో లేచి కూర్చునేవాడిని. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మా వాళ్ళు రెండేళ్ళు వాడనివ్వలేదు. తీరా మొదలుపెట్టాక కూడా గుణం లేదు. ఒక నర్సు గారు నా ఎదురుగా కూర్చుని, నేను మందు నొక్కడం, పీల్చడం ఒకేసారి చేయడం లేదని కనిపెట్టారు. ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, స్పేసర్, పెట్టి పీల్చమన్నారు. వారం తిరక్కుండా రాత్రిళ్ళు నిద్ర పట్టింది. రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లగా పూత వస్తుంది.

తణుకు అమ్మ
పిల్లల సంగతి కూడా రాస్తానండి, ఎవరికైనా పనికొస్తుంది. మా బాబుకి ఎనిమిదో నెలలో జలుబు, దగ్గు. అత్తయ్యగారు తమలపాకుకి ఆముదం రాసి వెచ్చచేసి గుండెల మీద వేశారు. నేను వద్దనలేదు. కానీ వాడు నిద్రపోతున్నప్పుడు చొక్కా ఎత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో ఫోన్‌లో టైమ్ పెట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టాను. 58 వచ్చింది. డొక్కలు లోపలికి పోతున్నాయి. అప్పటికప్పుడు బయల్దేరాం. న్యుమోనియా అన్నారు, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు.

మా ఏఎన్ఎం గారు నేర్పిన లెక్క ఇది: రెండు నెలల లోపు పాపాయికి నిమిషానికి 60, రెండు నుంచి పదకొండు నెలల వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. అంతకి చేరినా, దాటినా చూపించాల్సిందే. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకపోయినా ఆలోచించొద్దు. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించకండి. దగ్గు సిరప్ కూడా మీ అంతట మీరు కొనకండి. రెండేళ్ళ లోపు పిల్లలకి రాయవద్దని 2025 అక్టోబరులో కేంద్రం చెప్పింది.

డెల్టా పీహెచ్‌సీ డాక్టర్
ముమ్మిడివరం వారూ, పీహెచ్‌సీకే తీసుకురండి. మొదలు అక్కడ కావాలి. కఫం విషయంలో ఆశా గారు చెప్పింది అక్షరాలా నిజం. వచ్చేటప్పుడు మూడు సంగతులు కనుక్కుని రండి.

ఆ ఇంజెక్షన్ పేరేమిటి? అది స్టెరాయిడ్ అయితే రెండు రోజుల హాయికీ, 310 షుగర్‌కీ అదే కారణం కావచ్చు. బీపీ కూడా ఉంటే దానికి ఏ మాత్ర వేసుకుంటున్నారు? రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి కొందరికి పొడి దగ్గు తెస్తాయి, మాత్ర మారిస్తే కొన్ని వారాల్లో పోతుంది. మూడోది, ఇంట్లో పశువులకి గడ్డి ఎవరు లాగుతున్నారు?

ఈ మూడోది ఎవరూ అడగరు, నాకు అదే బాధ. కోతల చివర్లో వానకి తడిసిన గడ్డిని అలాగే మేటు వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. లాగినప్పుడు ఆ బూజు పొడి ఊపిరితిత్తుల చివరి దాకా పోతుంది. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలి, జ్వరం, దగ్గు, ఆయాసం. పొద్దున్న గడ్డి లాగితే మధ్యాహ్నానికో సాయంత్రానికో జ్వరం వస్తుంది కనుక రెండింటినీ ముడిపెట్టి చూడరు. చుట్ట కాల్చేవారైతే సీఓపీడీ (పొగ వల్ల ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) కూడా ఆలోచించాలి. కట్టెల పొయ్యి పొగలో ఏళ్ళు గడిపిన ఆడవాళ్ళకీ అది వస్తుంది.

ఈలోపు ఊపిరి నిమిషానికి 30కి చేరినా, మాట తికమకగా ఉన్నా, పై బీపీ 90 కన్నా తగ్గినా 108కి ఫోన్ చేయండి.

ముమ్మిడివరం రైతుబిడ్డ
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఇంజెక్షన్ స్టెరాయిడేనండి. కఫంలో టీబీ లేదు. గడ్డి మాట అడిగితే అమ్మ వెంటనే చెప్పింది: తెల్లవారుజామున మేటు దగ్గరికి వెళ్ళేది నాన్నగారే, ఒంట్లో బాగోలేదని పడుకున్న రోజుల్లో జ్వరం రాలేదట. పీహెచ్‌సీ నుంచి కాకినాడ ఛాతీ డాక్టరు గారికి రాసిచ్చారు. ఎక్స్-రే, స్కాన్ చూసి, బూజు గడ్డి వల్లేనన్నారు. ఇప్పుడు గడ్డి పని తమ్ముడు చేస్తున్నాడు, మాస్కు కట్టుకుని. నాన్నగారికి జ్వరం ఆగింది, దగ్గు చాలావరకు తగ్గింది, మెట్ల దగ్గర ఆయాసం ఇంకా ఉంది. షుగర్ 180.

పాత ఎక్స్-రే ఏదైనా ఉంటే తెమ్మన్నారు, పోల్చి చూస్తారట. కరోనా అప్పుడు తీయించింది ఒకటి ఉండాలి. అటక మీద వెతుకుతున్నాం.