హైడ్రాలిక్ క్లచ్ బేరింగ్ వెనక వాషర్ వేయాలా, వద్దా?

లంకబండి (అమలాపురం):
పాత డీజిల్ కారుకి క్లచ్ సెట్ మార్పించానండి. దీనికి ఫోర్కు (బేరింగ్‌ని నెట్టే కడ్డీ) ఉండదు, గేర్‌బాక్సు షాఫ్టు చుట్టూ కూర్చుని, పెడల్ నొక్కితే ఫ్లూయిడ్ ఒత్తిడికి ముందుకొచ్చి క్లచ్‌ని విడిపించే హైడ్రాలిక్ రిలీజ్ బేరింగే. బిగించాక పెడల్ నేలకి ఆనితే గానీ గేరు పడటం లేదు. రివర్స్ వేస్తే గర్రుమంటోంది. మా మెకానిక్ మళ్లీ గేర్‌బాక్సు దించి, బేరింగ్ వెనక 3 మి.మీ. వాషర్ వేస్తానంటున్నాడు. వేయించమంటారా?

పాలకొల్లు డీజిల్:
వద్దండి బాబూ! అది కేబుల్ క్లచ్ నాటి ఆలోచన. ఇందులో స్ప్రింగు బేరింగ్‌ని ఎప్పుడూ ఫింగర్లకి (ప్రెషర్ ప్లేట్ నడుమ ఉండే స్ప్రింగు రేకులు) ఆనించే ఉంచుతుంది, మిగిలిన చోటు ఫ్లూయిడ్ నింపుకుంటుంది. వాషర్ వేసినంత మాత్రాన పెడల్ పైకి రాదు. మీ బండి క్లచ్ పైపులో గాలి ఉంది, అదీ సంగతి.

రావులపాలెం హైవే:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. బయటి కంపెనీ సెట్ వేస్తే ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేటుని అదిమి పట్టేది) ఎత్తులో తేడా రావచ్చు. ఫింగర్లు మరీ లోపలికి ఉంటే బేరింగ్‌ని తోసే పిస్టన్ హద్దు దాటి బయటికొచ్చి సీలు కారుతుంది. అలాంటప్పుడు వాషర్ వేయడం తప్పేం కాదు.

పాలకొల్లు డీజిల్:
ఒప్పుకుంటా, కానీ కొలవకుండా వేస్తారా? పిస్టన్ పూర్తిగా వెనక్కి నొక్కి, బెల్ హౌసింగ్ (గేర్‌బాక్సు ముందుండే గంట లాంటి భాగం) అంచు మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, బేరింగ్ ముఖం ఎంత లోతులో ఉందో చూడాలి. తర్వాత ఇంజిన్ వైపు అంచు నుంచి ఫింగర్ల కొన ఎంత బయటికి ఉందో చూడాలి. మొదటిది 62, రెండోది 57 అనుకోండి, ఖాళీ 5 మి.మీ. అది వృథా కాదు, వాషర్ వేస్తే తగ్గేది ఆ చోటే. క్లచ్ ప్లేట్ అరిగేకొద్దీ ఫింగర్లు గేర్‌బాక్సు వైపు జరుగుతాయి, అదీ అరుగుదలకి కొన్ని రెట్లు. పిస్టన్‌కి వెనక్కి వెళ్లే చోటు లేకపోతే కాలు తీసేసినా క్లచ్ సగం నొక్కినట్టే ఉంటుంది. లోడుతో చించినాడ వంతెన ఎక్కేసరికి మాడు వాసన!

యానాం రోడ్డు:
రోడ్డు పక్క షెడ్డులో ఇంత కొలత ఎవరు తీస్తారండీ? ముందు ఎయిర్ (పైపులో గాలి) తీయించండి, దానికి గేర్‌బాక్సు దించక్కర్లేదు. సీలు తీయని డాట్ 4 ఫ్లూయిడ్ బాటిల్ కొనండి, మన గాలిలో తేమకి పాతది పనికిరాదు. పెడల్ దబదబా కొట్టొద్దు. బ్లీడర్ (గాలి వదిలే మర) వదులు చేసి, ఫ్లూయిడ్ డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ, బుడగలు ఆగేదాకా దానంతట అదే కారనివ్వండి. బ్రేకుకీ క్లచ్‌కీ ఒకటే డబ్బా అయితే క్లచ్ పైపు కాస్త పైన ఉంటుంది. మట్టం దానికంటే దిగితే బ్రేకు బాగానే పడుతుంది, క్లచ్ మాత్రం గాలి మింగుతుంది.

రావులపాలెం హైవే:
ఎయిర్ తీయించండి, కాదనను. గేర్‌బాక్సు ఎక్కించకముందు ఎవరైనా పెడల్ నొక్కారేమో అడగండి. ఎదురు ఆపేది లేక పిస్టన్ జారి ఉంటే సీలు పోయినట్టే. అప్పుడు వాషర్ కాదు, బేరింగే మార్చాలి.

లంకబండి:
అడిగితే షెడ్డులో కుర్రాడు నవ్వి ఊరుకున్నాడండి! బెల్ హౌసింగ్ అడుగున వేలు పెట్టి చూశా, తడి లేదు. రేపు ఎయిర్ తీయిస్తా. మళ్లీ దించాల్సి వస్తే స్కేలు నేనే పట్టుకెళ్లి, అంకెలు ఇక్కడ పెడతా.