అమ్మ కుడిచేతి వేళ్లు తెరుచుకోవడం లేదు. మూడు నెలలు దాటితే ఇక రావంటున్నారు, నిజమేనా?

నర్సాపురం అమ్మాయి:

అందరికీ నమస్కారమండి. మా అమ్మకి 58 ఏళ్లు. పది వారాల కిందట పక్షవాతం వచ్చింది. పొద్దున్నే టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. నీరసం అనుకుని పడుకోబెట్టాం. ఊళ్లో ఒకాయన పసరు రాస్తానంటే అదీ రాయించాం. ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలట, ఆ సమయం అయిపోయిందన్నారు. ఆ పూట మేం చేసిన ఆలస్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

మెదడులో ఎడమవైపు గడ్డ కట్టింది, అందుకని కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట చాలావరకు తిరిగొచ్చింది. కర్ర పట్టుకుని వసారా దాకా నడుస్తోంది, కాకపోతే పాదం ఈడుస్తోంది. చెయ్యే రావడం లేదు. భుజం కాస్త లేస్తుంది, గుప్పిట మూస్తుంది, తెరవలేదు. రోజూ స్నానం ముందు ఒక్కో వేలూ విప్పి అరచెయ్యి కడుగుతాను. లోపల చర్మం చెమటకి నాని తెల్లగా ఉంటుంది, గోళ్ల గుర్తులు నాలుగు వరసగా పడి ఉంటాయి. తుడిచేలోపే వేళ్లు మళ్లీ ముడుచుకుంటాయి.

అమ్మ పదేళ్ల వయసు నుంచి లేసు అల్లింది. నావీ తమ్ముడివీ చదువుల ఫీజులు ఆ సూది మీదే కట్టింది. ఇప్పుడు సూదీ దారాలూ ఉన్న డబ్బాని బీరువా మీద పెట్టించేసింది. అటు చూడటం కూడా లేదు.

ఇంటికొచ్చే ఫిజియో రెండు వారాలు వచ్చి మానేశాడు. చుట్టాలు తలో మాట. పావురం రక్తం రాయమని ఒకరు, వేడి నూనెతో గట్టిగా మర్దనా చెయ్యమని ఒకరు, రబ్బరు బంతి నొక్కించమని ఒకరు. మూడు నెలల్లో రాకపోతే ఇక రాదని మా మేనత్త అమ్మ ఎదురుగానే అనేసింది. రాత్రిళ్లు భుజం నొప్పితో మూలుగుతోంది. వేళ్లు వస్తాయాండీ? ఇంట్లో మేం ఏం చెయ్యాలి?

అంబాజీపేట పెద్దాయన:

అమ్మా, ముందు ఒకటి చెప్పు. మీ అమ్మగారిని మంచం మీంచి లేపేటప్పుడు ఆ కుడిచెయ్యి పట్టుకుని లాగుతున్నారా? మా ఇంట్లో అలాగే లేపేవారు, ప్రేమతోనే. కండకి పట్టు లేనప్పుడు చెయ్యి బరువుకే భుజం కీలు కిందికి జారుతుంది. దాన్ని లాగితే ఇక రాత్రంతా నొప్పే. నడుము చుట్టూ తువ్వాలు కట్టి అది పట్టుకుని లేపండి. కూర్చున్నంతసేపూ మోచేతి కింద దిండు ఉండాలి. నాకు ఈ రెండూ మార్చిన పది రోజులకి నిద్ర పట్టింది.

నాకు నాలుగేళ్ల కిందట వచ్చింది, నాదీ కుడిచెయ్యే. కొబ్బరి వ్యాపారం మాది. ఒంట్లో బాగానే ఉంది కదా అని బీపీ బిళ్లలు ఆరు నెలలు మానేశాను, దాంతో వచ్చింది. మూడో నెల నిండేనాటికి నా బొటనవేలు కూడా కదల్లేదు. అందుకని మీ మేనత్తగారి మాట అమ్మగారి చెవిలో ఉండనివ్వకు.

అమలాపురంలో నాకు నేర్పిన ఫిజియో అమ్మాయి మొదట బల్ల మీద తువ్వాలు వేసి, దాని మీద చెయ్యి ఉంచి ముందుకి తోయమనేది. ఎడమచెయ్యి సాయం పట్టొచ్చు. తర్వాత రెండు కొబ్బరిచిప్పలు, గుప్పెడు చింతపిక్కలు ఇచ్చింది. ఈ చిప్పలోంచి ఆ చిప్పలోకి వెయ్యాలి. మొదటి నెలన్నర ఒక్కటి కూడా లేవలేదు, పిక్కల్లో వేళ్లు పెట్టి కదిపేవాణ్ణి. అయినా లెక్క తప్పనిచ్చేది కాదు. పొద్దున వంద, సాయంత్రం వంద, గోడ మీద సుద్దతో గీతలు. ఐదో నెలలో ఒక రోజు దొడ్లో దింపు తీస్తున్నారు. కాయలు పడుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిక్క నిలిచింది. చిప్ప అంచు దాకా వచ్చి పడిపోయింది. మా ఇంటావిణ్ణి కేకేసి మళ్లీ తీశాను. ఎనిమిదో నెలకి చొక్కా బొత్తాం పెట్టుకున్నాను. రాతకి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు చిట్టా నేనే రాస్తాను, అక్షరాలు పెద్దవిగా వస్తాయి. చిన్న బొత్తాలు మాత్రం ఇప్పటికీ కుదరవు.

మీ అమ్మగారికి చింతపిక్కలెందుకు, ఆ డబ్బా కిందికి దింపు. నాకు చెంచా కాడకి గుడ్డ చుట్టి లావు చేసి ఇచ్చారు, సన్నటి వస్తువు పట్టు దొరకదు. సూదికీ అలాగే చుట్టవచ్చు. అది తర్వాత మాట. ముందు దారపు ఉండని అరచేతి కింద పెట్టి బల్ల మీద దొర్లించమను.

ఇంకో సంగతి. సాయంత్రానికి ఒళ్లు సోలిపోతుంది, దాన్ని బద్ధకం అనకండి. నేను రెండు నెలలు కారణం లేకుండా ఏడ్చేవాణ్ణి. డాక్టరుగారితో చెబితే అదీ ఈ జబ్బులో భాగమేనని బిళ్లలు రాశారు, మెల్లగా తేరుకున్నాను. డబ్బా పైన పెట్టించారంటే ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పు తల్లీ.

భీమవరం ఫిజియో:

పెద్దాయన గారు భుజం గురించి ముందు చెప్పడం చాలా మంచిదైంది. నేను చూసే కేసుల్లో ఎక్కువ నొప్పి అక్కడే.

మూడు నెలలు అనేది గడువు కాదండీ. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. చనిపోయిన మెదడు కణాలు తిరిగి రావు. పక్కనున్న భాగాలు ఆ పని నేర్చుకోవాలి, దానికి ఒకే కదలికని వందలసార్లు చెయ్యడమే ముఖ్యమైన దారి. అయితే ఎంతవరకు వస్తుందో అందరికీ ఒకేలా ఉండదు. గుప్పిట మూయడం ముందు వచ్చి తెరవడం ఆలస్యమవడం చాలామందిలో చూస్తాం. అందుకే బంతి నొక్కించకండి. ఆవిడకి కావలసింది తెరిచే పని. మణికట్టు అరచేతి వైపుకి వంచి ఉంచితే వేళ్లు సులువుగా విచ్చుకుంటాయి, కడిగేటప్పుడు అలా విప్పండి, బలవంతంగా లాగొద్దు. రాత్రిపూట స్ప్లింట్ (వేళ్లు ముడుచుకోకుండా చేతికి కట్టే గట్టి పట్టీ) అవసరమో కాదో చేతిని చూసి చెప్పాలి. బిగుతు మరీ పెరిగితే బొటులినమ్ ఇంజెక్షన్ ఉంది, అది న్యూరాలజిస్టు నిర్ణయం.

అద్దం పద్ధతి మొదలుపెట్టవచ్చు. వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో చెయ్యి కోల్పోయినవారి నొప్పికి అద్దం వాడారు. 1999లో ఆయన కూడా ఉన్న బృందం పక్షవాతం చేతికి వాడి చూసింది. రెండు చేతుల మధ్య నిలువుగా అద్దం పెట్టండి, పడిపోయిన చెయ్యి అద్దం వెనక ఉండాలి. మంచి చెయ్యి తెరిచి మూస్తూ అద్దంలోకే చూడాలి. అక్కడ కుడిచెయ్యి కదులుతున్నట్టు కనిపిస్తుంది. రోజూ అరగంట చాలు. మంచి చేతిని కట్టేసి బలహీనమైన చేత్తోనే పనులు చేయించే పద్ధతి గురించి వినే ఉంటారు. మణికట్టూ వేళ్లూ కొంతైనా పైకి లేచేవారికే అది పనికొస్తుంది, ఇప్పుడే వద్దు.

నూనె గోరువెచ్చగా, మెత్తగా రాస్తే నష్టం లేదు. కానీ ఆ చేతికి వేడి సరిగ్గా తెలియకపోవచ్చు, బొబ్బలెక్కి వచ్చినవారిని చూశాను. ముందు మీ చేతి మీద చూసుకోండి. పావురం రక్తం వల్ల ఒరిగేదేమీ లేదు. పాదం ఈడవడానికి పాదం కింద నుంచి పిక్క దాకా ఉండే ఏఎఫ్ఓ పట్టీ వస్తుంది, కొలత తీయించండి. నడకలో పడిపోతే ఇదంతా వెనక్కి పోతుంది. మూతి వంకరపోవడం, మాట తడబడటం మళ్లీ కనిపిస్తే ఏమీ రాయకుండా, ఏమీ మింగించకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

నర్సాపురం అమ్మాయి:

ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నాన్న అమ్మని చెయ్యి పట్టుకునే లేపుతున్నారు. చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నుంచి తువ్వాలే.

ఐదు రోజులైంది. నిన్న డబ్బా దింపాను. అమ్మ మొహం తిప్పుకుంది. నేనే సూది పట్టుకుని పక్కన కూర్చుని అల్లడం మొదలుపెట్టాను, నాకు సరిగ్గా రాదు. కాసేపటికి "ఆ గొలుసు వదులైంది, విప్పు" అంది. ఎడమచేత్తో దారం తనే పట్టుకుంది. ఉండని కుడిచేతి కింద పెడితే తియ్యమనలేదు. ముప్ఫై రెండుసార్లు దొర్లించింది, నేను లెక్కపెట్టాను.

భీమవరం గారూ, స్ప్లింట్ కొలత కోసం బస్సులో తీసుకురావచ్చా, కారు మాట్లాడుకోవాలా? గంటసేపు కూర్చుంటే కుడిపక్కకి వాలిపోతోంది.